పంక్తిలో కూచున్న ఎర్రసంబా

ఇట్ల రా, ఇంకొంచెం దగ్గరికి జరుగు. ఊరికే కూచోవద్దు, ఈ చేట అంచు పట్టుకో. గింజలు ఏరతా వింటే కథ చేతిలోకి కూడా ఎక్కుతుంది, ఒట్టి చెవికి చెబితే ఆ పక్కనించి పోతుంది. చేటలో ఈ ఎర్ర బియ్యం చూసినావు కదా. ఇది మనదాకా ఎట్ల వచ్చిందో చెబుతా. కుప్పమ్మ కథ ఇది.

అరవనాట కె.జి.కండిగైకి కూతవేటు దూరంలో ఒక పల్లె. తెల్లారి పొలం గెనిమ మీద, అదే మీరు గట్టు అంటారే, దాని మీద నిలబడితే తిరుత్తణి కొండ మంచులో తేలతా కాళ్ళు లేనట్టు కనబడే పల్లె. ఆడ వెంకటపతి పెండ్లాం కుప్పమ్మ. నాలుగెకరాల మాగాణి, ఒక బావి, రెండెద్దులు, ఒక్కతే కూతురు చెంగమ్మ. మన తెలుగోళ్ళు ఆ పక్కకు ఏ రాజు కాలంలోనో కత్తులు పట్టుకొని వచ్చినారంట. మగోళ్ళు తెచ్చిన కత్తులు యాడ పోయినాయో ఎవరికీ తెలీదు. ఆడోళ్ళు కొంగున కట్టుకొచ్చిన వడ్లు మాత్రం ఉండిపోయినాయి. అవే ఎర్రసంబా.

కుప్పమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో కయ్య అంటే వడ్లు పండే చోటు మాత్రమే కాదు. కూర కూడా ఆడనే. గెనిమ మీద పొన్నగంటాకు, గుంటగలగరాకు, నీళ్ళలో వేలెడేసి చేపలు, బొరియల్లో ఎండ్రకాయలు, అదే మీరు పీతలు అంటారే, అవి. జలుబు చేస్తే ఎవరూ డాక్టరు దగ్గరికి పోయేది లేదు. నాలుగు ఎండ్రకాయలు దంచి మిరియాలు వేసి చారు కాస్తే ముక్కు తనంతట తానే తెరుచుకునేది. వాన పడిన సాయంత్రం కప్పలు ఒక కయ్యలో మొదలుపెడితే పక్క కయ్య అందుకునేది, అట్ల పల్లె చుట్టూ తిరిగొచ్చేది ఆ పాట. ఒక్క పూట కూడా కుప్పమ్మ కూరకు దుడ్లు పెట్టింది లేదు. కూడు కాళ్ళు వచ్చి ఇంటికి నడిచొచ్చినట్టు ఉండింది.

తరవాత ఐ.ఆర్. ఇరవై అని కొత్త రకం విత్తనం వచ్చింది. పొట్టి పైరు, తెల్ల బియ్యం, మూటలకు మూటలు. దాంతో కూడా యూరియా వచ్చింది, పూచి మందు, అదే పురుగుల మందు, వచ్చింది. లేని మాట ఎందుకు చెప్పాల, పంట బాగానే వచ్చింది. పెంకుటిల్లు వేసినారు, చెంగమ్మ పెండ్లి చేసినారు. వడ్లన్నీ లారీలో తిరువళ్ళూరు మిల్లుకు పోయేవి. అయితే రెండు మూడేండ్లకు కయ్యలో నీళ్ళు తేటగా అయిపోయినాయి. తేట అంటే మంచిది అనుకునేరు. లోపల ఏదీ మసలకపోతే నీళ్ళు తేటగానే ఉంటాయి. మందు కొట్టిన మర్నాడు ఎండ్రకాయలు కడుపు పైకి పెట్టి తేలినాయి. వాటిని తిన్న కొంగ ఒకటి గెనిమ మీద తల వాల్చి నిలబడి, నిలబడినట్టే కూలిపోయింది. గెనిమ మీద ఆకు కోయొద్దని వెంకటపతే చెప్పినాడు. వాన పడినా పల్లె చుట్టూ పాట లేదు. పుట్టింటికి పోయిన పక్కింటోళ్ళ మాదిరి కప్పలు ఎప్పుడొస్తాయా అని కుప్పమ్మ చెవి పెట్టి కూచునేది.

ఒకనాడు కండిగై సంతలో కుప్పమ్మ ఆకుకూర కట్ట కొని మడిచి కొంగులో దాచుకుంటా ఉంటే తోటికోడలు మునెమ్మ చూసేసింది. మునెమ్మ నోరు ఊరంతటికీ తెలుసు, సున్నం ఎక్కువైన తమలపాకు మాదిరి మండుతుంది. నాలుగెకరాల మాగాణి రైతు పెండ్లాం ఆకు కొనుక్కునే కాలం వచ్చింది, ఇంక గంగమ్మ తల్లి నీళ్ళు కొనుక్కుంటుంది చూడు అని సంతలో పదిమంది వినేటట్టు అనింది. అందరూ నవ్వినారు. కుప్పమ్మ కూడా నవ్వింది. దారెంబడి ఆ కట్ట మాత్రం బండరాయి మోసినట్టు ఉండింది ఆమెకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

ఎర్రసంబాకు కుప్పమ్మ పుట్టినింటి తరపున ఒక ఆచారం ఉండాది. తొలిచూలు బిడ్డను ఎత్తుకొని కూతురు అత్తారింటికి పోయేటప్పుడు ఒడిలో బియ్యం పోయరు. మూడు దోసిళ్ళు ఎర్రసంబా విత్తన వడ్లు పోస్తారు. బాలింతకు ఆ బియ్యం గంజి తాగిస్తే పాలు పడతాయి, ఆ వడ్లు మెట్టినింట చల్లితే వంశం పచ్చగుంటుంది. కుప్పమ్మకు అమ్మ పోసింది, అమ్మకు అవ్వ పోసింది. అందుకని ఐ.ఆర్. ఇరవై వచ్చినాక కూడా కుప్పమ్మ ఒక మూల ఎర్రసంబా వేయిస్తానే ఉండింది. నిరుడు మాత్రం వానల్లేక బావి అడుగంటి ఆ మూల వేయలేదు. విత్తనం కుండలో, వేపాకు బూడిద మధ్యన నిద్రపోతా ఉండింది. వడ్ల విత్తనానికి నిద్ర ఒక ఏడాదే. రెండో ఏడు కూడా నేల చూపించకపోతే అది ఇంక లేవదు. చెంగమ్మకు అప్పటికే ఐదో నెల. డెబ్బై ఏడో సంవత్సరం ఆడి నెల అది, మీ లెక్కకు ఆషాఢం. ఈసారి వేయకపోతే కూతురి ఒడి ఖాళీ, కుండలో ఉండేది విత్తనం కాదు, ఒట్టి ఊక.

కుప్పమ్మ మొగుణ్ణి అడిగింది. సొంత మేనమామ కొడుకు, చిన్నప్పట్నించీ మామా అనే పిలుస్తుంది. వెంకటపతి మంచోడే, మాట మెత్తన, చేయి పెద్దది. బావి పక్కన పది సెంట్ల కయ్య ఇచ్చినాడు. బావి నీళ్ళు ముందు దానికి పారి, తరవాతే తక్కిన కయ్యలకు పోతాయి. కుప్పమ్మ ఒక్కటే మాట తీసుకునింది, దానికి తెల్ల ఎరువు వద్దు, మందు వద్దు, మేకల పెంట చాలు అని. సరే అని తల మీద చేయి పెట్టుకొని ఒట్టేసినాడు.

నాటినారు. పురటాసి, అదే దసరా నెల, వచ్చేసరికి ఐ.ఆర్. ఇరవై నల్లగా నిగనిగలాడింది. నడుమ పది సెంట్లు మాత్రం పసుపు కలిపిన పాలమాదిరి లేతగా ఉండింది. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసి, వెంకటపతీ ఆ పిల్లకు సవతి తల్లి గాని ఉండాదా అని అడిగి పోయేవాళ్ళు. తమాషాకే అనేది. వెంకటపతికి మాత్రం అది గుచ్చుకునింది.

ఆ ఇంటోళ్ళ సంగతి ఒకటి చెప్పాల. పెండ్లిలో గాని, తద్దినంలో గాని, పంక్తిలో వడ్డించేది వెంకటపతే. ఒక ఆకులో వేసి పక్క ఆకు దాటుకొని పోవడం అంటే వాళ్ళకు అది పాపం. వచ్చినోడు శత్రువైనా సరే, ఆకు ముందర కూచుంటే పెట్టాల్సిందే. వాళ్ళ నాయన ఒకసారి వడ్డిస్తా వడ్డిస్తా పాయసం అయిపోతే, కడపటి ఆకు ముందర నిలబడి ఏడ్చినాడంట.

అట్లాంటి మనిషి యూరియా గంప నడుముకు పెట్టుకొని కయ్యంబడి నడుస్తా ఉండాడు. పిడికిలి తీస్తాడు, చల్లుతాడు, అడుగు వేస్తాడు. ఈ కయ్య అయింది, ఆ కయ్య అయింది. బావి పక్క కయ్య వచ్చింది. సన్నగా, పాలిపోయి, వరసగా నిలబడి చూస్తా ఉండాయి ఎర్రసంబా దుబ్బులు. చుట్టూ అందరూ తినినారు. అవి మాత్రం ఆకు వేసుకొని కూచున్నాయి. వెంకటపతి దాటిపోదామని అడుగు ఎత్తినాడు. చేయి ఊరుకోలేదు. ఒక పిడికెడు, ఇంకొక పిడికెడు, అట్ల గంపలో మిగిలిందంతా దానికే పెట్టేసినాడు. ఇంటికి పోయి కుప్పమ్మతో ఏమీ చెప్పలేదు.

పది దినాల్లో ఆ కయ్య మారిపోయింది. ముదురాకుపచ్చ, మోచేతి లావు దుబ్బు, ఐప్పసి, దీపావళి నెల, వచ్చేసరికి ఆడమనిషి తల దాటింది పైరు. కుప్పమ్మ తన మేకల పెంట మహిమ అనుకునింది. చెంగమ్మ కాన్పుకని ఆరంబాక్కం అత్తారింటి నుంచి అప్పుడే వచ్చి ఉండింది. కూతురికి కూడు పెట్టి, మధ్యాన్నం పూట కుప్పమ్మ బావి గెనిమ మీద కొంగు పరుచుకొని పండుకునేది. పైన ఆకాశం తెల్లగా, గాలి పైరు మీద చేయి వేసి తల దువ్వినట్టు పోయేది. అరమూత కండ్లతో చూస్తే అవి పైరు కాదు. పొడుగు జడల ఆడపిల్లలు, వాళ్ళమ్మ, వాళ్ళవ్వ, ఆ అవ్వకు అవ్వ, కత్తులోళ్ళ వెనకాల నడిచొచ్చిన ముసిలోళ్ళు, అందరూ వరసగా నిలబడి ఏదో మాట్లాడుకుంటా ఉండినారు. ఏం మాట్లాడుకుంటున్నారో వినబడేది కాదు. వినబడకపోయినా బాగుండింది. ఒక ముసలామె వంగి కుప్పమ్మ చెవి దగ్గర, బరువుగా ఉండాదమ్మా, మోయలేకుండా ఉండాము అని అన్నట్టు అనిపించి ఉలిక్కిపడి లేచేది. లేస్తే గాలి. పొట్ట విప్పి వెన్ను బయటపడతా ఉండింది, ఆ బరువే అయి ఉంటుంది అనుకునేది.

ఆమె మొగంలో వెలుగు చూసి వెంకటపతి నోరు తెరవలేకపోయినాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. రేపు ఆమె ఇంకా వెలిగేది.

కార్తీక నెలలో రేడియోపెట్టె తుపాను తుపాను అని అరిచింది. మూడు దినాలు గాలీ వానా. నాలుగో దినం పొద్దున తెరిపిచ్చింది. జుట్టు కూడా ముడుచుకోకుండా కుప్పమ్మ కయ్యకు పరిగెత్తింది. ఐ.ఆర్. ఇరవై పొట్టిది, తల విదిలించుకొని నిలబడే ఉండాది. ఎర్రసంబా అంతా పడిపోయింది. ఒక పక్కకు దువ్విన జుట్టు మాదిరి, నీళ్ళలో తల పెట్టి పడి ఉండాది. వెన్నుల్లో ఇంకా పాలే, గట్టిపడలేదు. నీళ్ళలో వారం దినాలుంటే కుళ్ళిపోతుంది. అంతే. ఇంక విత్తనం యాడ?

కుప్పమ్మ గెనిమ మీద కూలబడింది. మునెమ్మ కూడా వచ్చింది, ఈసారి నోరు మెత్తగా పెట్టుకొని. పాత కాలం విత్తనం కదా కుప్పా, పాత కాలం మనుషుల మాదిరే, గాలికి నిలవదు, బాధపడొద్దు అనింది. కుప్పమ్మ తల ఊపింది. విత్తనం మీదే తప్పు వేసుకునింది. అన్ని తరాలు నిలబడింది నా చేతిలోనే పడిపోయిందే అనుకునింది.

వెంకటపతి అది చూడలేకపోయినాడు. తువ్వాలు తలమీంచి తీసి చేతిలో పట్టుకొని ఎదురుగా వచ్చి నిలబడినాడు.

"దానిది తప్పు కాదు మే. నేను పెట్టినా."

"ఏం పెట్టినావు మామా?"

"యూరియా. పురటాసిలో. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. అది నోరు లేంది, ఎట్ల అడుగుతుంది? అన్నిటికీ పెట్టి దాన్ని దాటుకొని పోలేకపోయినా."

మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కకు తిరిగింది. కుప్పమ్మ ఆ పడిపోయిన పైరును చూసింది. మేకల పెంటకు అంత పచ్చదనం యాడ వస్తుందని తనకు ఒక్కసారైనా తోచలేదే అనుకునింది. ఎర్రసంబా కాళ్ళు సన్నం. దాని కాలు ఎంత మోస్తుందో దానికి తెలుసు, అంతే తింటుంది, అంతే పెరుగుతుంది. మొయ్యలేనంత పెట్టేసరికి తల బరువెక్కి కాళ్ళు వంగిపోయినాయి.

"పంక్తిలో పెట్టినావు, సరే," అనింది కడాకు. "కూచున్నోళ్ళకు ఆకలి ఉండాదా అని అడగాలి కదా మామా. అది ఆకు వేసుకొని కూచోలేదు. అది ఉపవాసంలో ఉండింది."

అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు నయంగా ఉండేదేమో.

చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి నీళ్ళలోకి దిగింది. పడిన దుబ్బులు నాలుగైదు చేర్చి, లేపి, ఒకదానికొకటి ఆనించి, ఎండు గడ్డితో నడుము దగ్గర కట్టింది. నలుగురు ముసిలోళ్ళు భుజాలమీద చేతులు వేసుకొని నిలబడినట్టు అవి నిలబడినాయి. వెంకటపతి దిగినాడు. మునెమ్మ కూడా గొణుక్కుంటా దిగింది, ఈ వయసులో నా చేత బురద తొక్కిస్తారా అని. చెంగమ్మ నిండు నెలల కడుపుతో పంచలో కూచొని గడ్డి మెలేసి కట్లు చేసి పంపింది. ఆ దినం పొద్దుగూకేదాకా, మర్నాడు మధ్యాన్నం దాకా కడతానే ఉండినారు. లేచినవి లేచినాయి. నడుమ విరిగినవి లేవలేదు.

మర్నాడు మధ్యాన్నం బావి మూల కడపటి దుబ్బు లేపతా ఉంటే కుప్పమ్మ కాలి వేలు ఎవరో పట్టుకున్నట్టు అయింది. చురుక్కుమనింది. కాలు పైకి తీస్తే, వేలికి వేలాడతా ఎండ్రకాయ. మట్టిరంగు వీపు, ఎర్ర కొండీలు, పట్టు వదలడం లేదు. రెండేండ్లుగా ఆ పొలంలో ప్రాణంతో ఉండే ఎండ్రకాయను ఎవరూ చూడలేదు. మందు కొట్టని కయ్య అదొక్కటే, బావి నీళ్ళు ముందు తాగే కయ్య అదొక్కటే. యాడ దాక్కొని ఉండిందో, ఎవరు చెప్పినారో దానికి ఈడ మందు లేదని. మునెమ్మ పట్టుకో పట్టుకో చారు పెడదాం అనింది. కుప్పమ్మ కండ్లలో నీళ్ళతో నవ్వతా ఉండింది. మెల్లగా వేలు విడిపించుకొని దాన్ని బొరియ దగ్గర వదిలిపెట్టింది. చెంగమ్మకు జలుబు చేస్తే వస్తాలే, అప్పటికి నీ వాళ్ళను కూడా పిలుచుకొని ఉండు అని చెప్పి పంపింది.

సంక్రాంతి వచ్చే తై నెలలో కోసినారు. సగం తాలు, లోపల గింజ లేని పొట్టు. పది సెంట్లకు రెండు మూటలు రావాల్సింది, చేటలో చెరిగి చెరిగి ఒక్కొక్క గింజ చూసి ఏరితే ఒక చిన్న బాన నిండింది. చెంగమ్మకు అప్పటికే ఆడబిడ్డ పుట్టి ఉండింది, గంజికి పాత ఎర్రసంబా బియ్యం కడపటి పిడికెళ్ళే కాచి పోసినారు. పాలు పడినాయి. కొత్త వడ్లు మాత్రం ఎవరూ ముట్టలేదు. నీళ్ళలో మునిగి లేచిన గింజలు. పైకి బాగుండినా లోపల ప్రాణం ఉండాదో లేదో ఎవరికి తెలుసు?

శివరాత్రి వచ్చే మాసి నెల దాకా ఎండబెట్టి, తెలుసుకోవడానికని కుప్పమ్మ ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి కుండ కింద పెట్టింది. మూడు దినాలు గుడ్డ విప్పలేదు. పసిబిడ్డ పక్కన పండుకొని మధ్యాన్నాలు కునుకు తీస్తే, ఆ పొడుగు జడల వాళ్ళు వచ్చి గుమ్మం బయట నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూసేవాళ్ళు. రాండమ్మా అని పిలిచేది కుప్పమ్మ, కలలోనే.

నాలుగో దినం పొద్దున విప్పింది. మొగుడు ఆమె వెనకాల నిలబడి తొంగి చూసినాడు. ఒకటి, రెండు, మూడు. తెల్లటి మొలక, పసిబిడ్డ పాలపన్ను మాదిరి. ఇరవైలో పదమూడు లేచినాయి. వెంకటపతి పోయి ఎద్దుల దగ్గర నిలబడి ముక్కు చీదుకున్నాడు.

ఉగాది వచ్చే పంగుణి నెలలో చెంగమ్మ బిడ్డను ఎత్తుకొని ఆరంబాక్కం పోయింది. ఒడిలో మూడు దోసిళ్ళు పోసింది కుప్పమ్మ. దీనికి ఎక్కువ పెట్టొద్దు, ఆడ అత్తారింట మీ మామకు కూడా చెప్పు, ఆకలైతే అదే చూసుకుంటుంది అని చెప్పి పంపింది. బస్సు ఎక్కేటప్పుడు చెంగమ్మ ఒక చేత్తో బిడ్డను, ఇంకొక చేత్తో ఒడిని పట్టుకొనింది. ఏది బరువో చెప్పలేకపోయినా అని తరవాత ఎప్పుడో అనింది.

ఆ తరవాతి ఏడాది వెంకటపతి ఐ.ఆర్. ఇరవై మానేసినాడని అనుకోవద్దు. మానలేదు. మూటల రుచి అంత సులభంగా వదలదు. కానీ బావి పక్క పది సెంట్లు ముప్పై సెంట్లు అయింది. యూరియా గంప నడుముకు పెట్టుకొని ఆ కయ్య దగ్గరికి వచ్చినప్పుడు తువ్వాలు తీసి గంప మీద కప్పేవాడు. ఉపవాసం ఉండేవాళ్ళ ముందర కూటి గిన్నె మూసుకొని పోతాము చూడు, అట్ల. తల కూడా కొంచెం వంచుకొని పోయేవాడు. నవ్వేవాళ్ళు నవ్వినారు. ఆ ఏడు ఐప్పసి వానలో, పొద్దుగూకే వేళ, బావి మూల ఒక్క కప్ప మొదలుపెట్టింది. అందుకోవడానికి పక్క కయ్యలో ఎవరూ లేరు. అయినా అది ఆపలేదు. కుప్పమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకొని, అన్నం మాడే వాసన వచ్చేదాకా వినింది.

ఇంక చేట ఇట్ల ఇయ్యి. ఏరినావు కదా, బాగానే ఏరినావు. ఇది ఆ బానలోని వడ్ల వంశమే, ఎన్ని చేతులు మారిందో. నువ్వు కూడా ఎవరికన్నా ఈ బియ్యం గంజి పోసే దినం వస్తుంది. అప్పుడు గంజి చల్లారేలోపల ఈ కథ వాళ్ళకు చెప్పు. పేర్లు మరిచిపోయినా పరవాలేదు, మా అవ్వ ఒకామె చెప్పింది అను. గంపమీద తువ్వాలు కప్పిన సంగతి మాత్రం మరిచిపోవద్దు. ఆ ఎండ్రకాయను కూడా వదిలిపెట్టొద్దు.